రాతి గోడల ఇంట్లో వై-ఫై అందకపోతే: సమస్య - పరిష్కారం

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో వై-ఫై సరిగా అందడం లేదని బాధపడేవారు సాధారణంగా ముందుగా అడిగేది ఏ రూటర్ కొనాలని. కొనే ముందు, ఉన్న రూటర్ ఎక్కడ ఉందో చూడాలని నేను గట్టిగా చెబుతాను. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన మనిషి తీగ ఇంట్లోకి వచ్చిన చోటే, అంటే వీధి గోడకు ఆనించి, తలుపు పక్కనో టీవీ వెనకో రూటర్‌ను బిగించి వెళ్తాడు. ఆ చోటు ఆయన పనికి అనువైనదే గానీ, ఇంట్లో ఉండేవారికి అనువైనది కావడం అరుదు.

రూటర్ పక్కన కూర్చున్నా నెమ్మదిగానే ఉంది

ఇది వై-ఫై అందకపోవడం కాదు, తీగలోని లోపం కావచ్చు. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కలిపి వేగం కొలవండి. అప్పుడు కూడా మీరు డబ్బు కడుతున్న వేగం రాకపోతే, రూటర్‌ను ఎక్కడికి జరిపినా ప్రయోజనం ఉండదు. ఫైబర్ పెట్టె మీద ‘లాస్’ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే, ఫైబర్ తీగలో సిగ్నల్‌ను మోసుకొచ్చే వెలుతురు పెట్టె లోపలికి రావడం లేదని అర్థం. ఫైబర్ తీగ లోపల ఉన్నది గాజు పోగు కాబట్టి, దాన్ని తలుపు మూలలో మడిచి మేకు కొడితే వెలుతురు మడత దగ్గరే బయటికి పోతుంది. 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా ప్రతిసారీ 95 దగ్గరే ఆగుతుంటే, రూటర్ పోర్టు 100 వరకే పనిచేసేదై ఉండాలి, లేదా కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి తెగి ఉండాలి. 100 ఎంబీపీఎస్‌కు నాలుగు తీగలు చాలు గానీ, గిగాబిట్‌కు (1000 ఎంబీపీఎస్‌కు) ఎనిమిదీ కావాలి.

ముందు గదిలో బాగా వస్తుంది, వెనక గదిలో రాదు

మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఈ సమస్యే, దీనికి మూలం గోడలు. రాయి చవకగా దొరికే ప్రాంతం కావడంతో పాత ఇళ్ల గోడలు అడుగున్నర మందంలో, కొన్నిచోట్ల అంతకు మించి కూడా ఉంటాయి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను సులువుగా దాటే తరంగం ఈ రాతి గోడ దగ్గర చాలావరకు ఆగిపోతుంది. పైగా తరంగం గోడను నేరుగా కాక 45 డిగ్రీల ఏటవాలుగా దాటవలసి వస్తే, 18 అంగుళాల గోడ దానికి 25 అంగుళాల గోడ అవుతుంది. రూటర్‌ను ఇంటి మూలలో పెట్టినప్పుడు జరిగేది ఇదే.

అందుకే ఊహతో కాకుండా కొలతతో మొదలుపెట్టాలి. సిగ్నల్‌ను డీబీఎమ్‌లో (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణంలో) చూపే ఉచిత యాప్‌లు ఆండ్రాయిడ్ ఫోన్లలో దొరుకుతాయి. ఆ అంకె సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే సిగ్నల్ అంత బలంగా ఉన్నట్టు. -50 దగ్గర ఉంటే చాలా బాగున్నట్టు, -67 వరకు వీడియో పాఠాలు ఆగకుండా నడుస్తాయి, -80 దగ్గర కనెక్షన్ పేరు కనిపిస్తుందే తప్ప పని జరగదు. పది అంకెలు తగ్గితే శక్తి పదో వంతుకు పడిపోయినట్టు. ఒక కాగితం మీద ఇంటి పటం గీసి, గది గదికీ ఈ అంకె రాసుకుంటే, ఏ గోడ దగ్గర సిగ్నల్ ఒక్కసారిగా పడిపోతోందో పది నిమిషాల్లో బయటపడుతుంది.

మన పాత ఇళ్లలో వీధి దర్వాజ నుంచి పెరటి దర్వాజ వరకు తలుపులు ఒకే వరుసలో ఉండడం వల్ల, ఆ వరుసలో నిలబడితే గోడ అడ్డు లేకుండా ఇంటి ఆ చివర నుంచి ఈ చివరి వరకు కనిపిస్తుంది. రూటర్‌కు తగిన చోటు ఆ వరుసలో, ఇంటి నడిమధ్యన, ఐదారు అడుగుల ఎత్తున ఉంటుంది. మా ఇంట్లో రూటర్‌ను వీధి గోడ గూటిలోంచి తీసి నడిమి గది దర్వాజ పక్కకు మార్చడంతోనే వెనక గదిలో -82 ఉన్నది -64 అయింది. దానికి అయిన ఖర్చు ఒక పొడవాటి తీగ మాత్రమే. ఇనుప బీరువా, పెద్ద అద్దం, నీళ్ల డ్రమ్ము దారికి అడ్డంగా లేకుండా చూడండి. లోహం తరంగాన్ని వెనక్కి తిప్పికొడుతుంది, నీరు దాన్ని పీల్చుకుంటుంది.

రూటర్ రెండు పేర్లు చూపుతుంటే, దూరపు గదులకు 2.4 గిగాహెర్ట్జ్ పేరును, రూటర్ ఉన్న గదికి 5 గిగాహెర్ట్జ్ పేరును వాడండి. మొదటిది గోడలను మెరుగ్గా దాటుతుంది, రెండవది వేగంగా ఉన్నా గోడల ముందు త్వరగా అలసిపోతుంది.

సిగ్నల్ నిండుగా ఉంది, రాత్రిపూట మాత్రం ఆగిపోతుంది

పట్టణంలో పక్కపక్క ఇళ్ల రూటర్లన్నీ ఒకే చానల్‌లో, అంటే తరంగాలు నడిచే ఒకే దారిలో పనిచేస్తుంటే ఇలా జరుగుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానళ్లు మాత్రమే ఒకదానిమీద ఒకటి పడకుండా ఉంటాయి. యాప్‌లో చూసి, ఆ మూడింటిలో రద్దీ తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకుని, చానల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కు పెట్టండి.

మిద్దె మీది గదికి అందదు

స్లాబులోని ఇనుప చువ్వల అల్లిక ఇక్కడ ప్రధానమైన అడ్డంకి. నిటారుగా నిలబెట్టిన యాంటెనా పక్కలకే ఎక్కువగా ప్రసరింపజేస్తుంది కాబట్టి, రెండు యాంటెనాలు ఉంటే ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టి చూడండి. అది చాలకపోతే చాలామంది రిపీటర్ (అందిన సిగ్నల్‌ను మళ్లీ ప్రసారం చేసే పెట్టె) కొని, సిగ్నల్ లేని పైగదిలోనే పెట్టి మోసపోతారు. తనకే అందని సిగ్నల్‌ను అది ఇంకొకరికి ఇవ్వలేదు. దాన్ని సిగ్నల్ ఇంకా -65 దగ్గర ఉన్న మెట్ల మలుపులో పెట్టాలి. అయినా ఒకే రేడియో ఉన్న రిపీటర్ ఒకే చానల్‌లో వినడం, చెప్పడం రెండూ చేయాలి కనుక వేగం సగానికి తగ్గుతుంది.

నా అభిప్రాయంలో సరైన మందు క్యాట్ 6 రకం ల్యాన్ కేబుల్. మెట్ల పక్క పైపులోంచి దాన్ని పైకి లాగి, మూలన పడి ఉన్న పాత రూటర్‌ను అక్కడ యాక్సెస్ పాయింట్‌గా, అంటే కేబుల్‌లో వచ్చిన ఇంటర్నెట్‌ను వై-ఫైగా ఇచ్చే పెట్టెగా వాడుకోవచ్చు. పాత రూటర్ చిరునామాను, కింది రూటర్ 192.168.1.1 అయితే, 192.168.1.2గా మార్చి, అందులో డీహెచ్‌సీపీని (ఫోన్లు, ల్యాప్‌టాప్‌లకు చిరునామాలు పంచే ఏర్పాటును) ఆపివేసి, కేబుల్‌ను బయటి ఇంటర్నెట్ తీగ కోసం ఉన్న వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టండి. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, వేర్వేరు చానళ్లు ఇస్తే, ఫోన్ చేతిలో పట్టుకుని మెట్లెక్కినా కనెక్షన్ కోసం మళ్లీ వెతుక్కోవలసిన పని ఉండదు.

ఎండాకాలం మధ్యాహ్నాలే తెగిపోతుంది

ఇళ్లల్లో వాడే రూటర్లు చాలావాటికి కంపెనీ చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు. నల్లగొండలో మే నెలలో నీడలోనే 44 దాటే రోజులు వస్తుండగా, రేకుల గదిలో పైకప్పు దగ్గర బిగించిన రూటర్ పరిస్థితి చెప్పనక్కరలేదు. వేడెక్కిన రూటర్ దానంతట అదే ఆగి మళ్లీ మొదలవుతుంది. దాన్ని కిందికి దించి, మూసి ఉన్న అల్మారాలోంచి బయటికి తీసి, ఫ్యాన్ గాలి తగిలే చోట పెట్టండి. కరెంటు పోయిన ప్రతిసారీ తెగిపోతుంటే అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని ఉందో చూసి, అంతే ఇచ్చే చిన్న యూపీఎస్‌ను తగిలించండి. వాటిలో ఎక్కువవి 12 వోల్టులవి.

పెరటి అవతలి గదికి కావాలి

దూరం 100 మీటర్ల లోపే ఉంటే క్యాట్ 6 పనిచేస్తుంది. కానీ ఆరుబయట రెండు కట్టడాల మధ్య రాగి తీగను వేలాడదీయవద్దు. పిడుగు దగ్గర్లో పడినా ఆ తీగలో పుట్టే కరెంటు రెండు వైపులా రూటర్లను కాల్చేస్తుంది. ఆ దూరానికి ఫైబర్ లాగించి, రెండు కొసలా మీడియా కన్వర్టర్లు (ఫైబర్ వెలుతురును ల్యాన్ కేబుల్ సిగ్నల్‌గా, దాన్ని తిరిగి వెలుతురుగా మార్చే పెట్టెలు) పెట్టించండి. గాజు పోగులో కరెంటు పారదు కాబట్టి, లోహపు తీగ కలపని రకం ఫైబర్‌నే అడిగి తెచ్చుకోండి.