కలవరపెట్టే సినిమాల్లో ఏ వెర్షన్ చూడాలి

'ది వానిషింగ్' అని వెతికితే ఒకటి కంటే ఎక్కువ సినిమాలు వస్తాయి. 1988 నాటి డచ్ థ్రిల్లరే చూడండి, అసలు పేరు 'స్పూర్‌లోస్'. పెట్రోల్ బంకు దగ్గర ఆగినప్పుడు కూల్‌డ్రింక్స్ కోసం లోపలికెళ్లిన అమ్మాయి తిరిగి రాదు, అంతే కథ. 1993లో అదే దర్శకుడు జార్జ్ స్లూయిజర్ హాలీవుడ్‌లో మళ్లీ తీసినప్పుడు ముగింపు మార్చేశారు. దాంతో సినిమా ప్రాణమే పోయింది. ట్రైలర్, వికీపీడియా రెండూ ముట్టుకోవద్దు.

హారర్‌లో జపాన్ 'ఆడిషన్' (1999) చాలాసేపు పెళ్లికథలా నడుస్తుంది, విసుగొచ్చి ఆపేయకండి.

డాక్యుమెంటరీకి 'ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్' (2012). ఇండోనేషియాలో 1965-66 నాటి సామూహిక హత్యల్లో పాల్గొన్న హంతకులే తమ హత్యలను కెమెరా ముందు నటించి చూపిస్తారు. దాదాపు 160 నిమిషాల డైరెక్టర్స్ కట్ (దర్శకుడి పూర్తి వెర్షన్) ఎంచుకోండి. చివర్లో టైటిల్స్ కూడా వదలొద్దు: స్థానిక సిబ్బందిలో చాలామంది పేర్ల చోట 'అజ్ఞాత' అనే ఉంటుంది.