వానలు మొదలయ్యేలోపు స్మార్ట్ స్విచ్చులున్న ఇళ్లవాళ్లు చూసుకోవాల్సినవి

మొన్న శనివారం మా పక్క వీధిలో ఒక ఎలక్ట్రీషియన్ స్టూలు మీద నుంచి పడ్డాడు. గీజర్ నీళ్లు కాగడం లేదని పిలిచారు. ఇంటావిడ ఫోన్ తీసి యాప్‌లో గీజర్ ఆఫ్ చేసి, "ఆఫ్ చేశాను బాబూ, చూసుకో" అన్నారు. అతను మూత విప్పి వైర్లు పట్టుకుని పని చేస్తున్నాడు. ఇంతలో వీధి మొత్తం కరెంటు పోయింది, రెండు నిమిషాల్లో తిరిగి వచ్చింది. రాగానే ఆ స్మార్ట్ స్విచ్ తనంతట తనే ఆన్ అయింది. షాక్ కొట్టి వెనక్కి పడ్డాడు, మణికట్టు విరిగింది. ప్రాణం దక్కింది. నేను వెళ్లేసరికి ఆవిడ ఏడుస్తూ ఫోన్ చూపిస్తున్నారు: "నిజంగా ఆఫ్ చేశానండీ. నాకేం తెలుసు?"

ఆవిడ చెప్పింది నిజమే, ఆఫ్ చేశారు. కానీ ఆఫ్ అయింది స్విచ్ లోపలి చిన్న రిలే, అంటే కరెంటుని కలిపి తెంపే మీట. స్విచ్ దాకా వచ్చే లైన్‌లో కరెంటు అలాగే ఉంది, రిలే మళ్లీ కలిస్తే చాలు గీజర్‌లోకి వచ్చేస్తుంది.

కాకినాడలో ఇళ్లకు ఈ స్మార్ట్ స్విచ్చులు బిగించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మృగశిర కార్తె దగ్గరికొచ్చింది. ఇక గాలివాన కొట్టిన ప్రతిసారీ కరెంటు పోతుంది, వస్తుంది. సంపులు కడిగించేదీ, గీజర్లు బాగుచేయించేదీ కూడా ఈ రోజుల్లోనే. తడి చేత్తో స్విచ్ ముట్టుకోవద్దు లాంటివి మీకు తెలిసినవే, అవి మళ్లీ చెప్పను. నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఒకే తప్పు వల్ల జరిగాయి. ఫోన్‌లో ఆఫ్ అని ఉంది కాబట్టి కరెంటు లేదనుకోవడం. పాస్‌వర్డులు, వైఫై గొడవలు అన్నీ దీని తర్వాతే.

ఆఫ్ అని ఉన్నా కరెంటు ఎలా ఉంటుంది

మొదటిది పైన చెప్పినదే. కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలనేది చాలా స్మార్ట్ స్విచ్చుల్లో ఒక సెట్టింగుగా ఉంటుంది. యాప్‌ని బట్టి దాని పేరు పవర్ ఆన్ స్టేట్ అనో, రిలే స్టేటస్ అనో ఉంటుంది. మూడు రకాలు: ఆన్ అవ్వాలి, ఆఫ్‌లోనే ఉండాలి, కరెంటు పోకముందు ఎలా ఉందో అలాగే ఉండాలి. ఆ గీజర్‌కి "ఆన్" అని పెట్టి ఉంది. బిగించినవాడు చూసుకోలేదు, ఇంటివాళ్లకు అలాంటిది ఒకటి ఉందనే తెలియదు.

రెండోది, ఆ స్విచ్ మీద చెయ్యి మీ ఒక్కరిదే కాదు. కొడుకు డాలస్‌లో ఉంటాడు, కోడలి ఫోన్‌లోనూ అదే యాప్, మనవడు స్పీకర్‌తో మాట్లాడతాడు. అమ్మ ఫోన్‌లో "నీళ్లు చల్లగా ఉన్నాయిరా" అంటే, అక్కడి నుంచే గీజర్ వేసే కొడుకులు నాకు తెలుసు. ప్రేమతోనే వేస్తారు. ఆ క్షణంలో గీజర్ విప్పి ఒక మనిషి దాని ముందు నిలబడి ఉన్నాడని వాళ్లకు ఎలా తెలుస్తుంది?

మూడోది రిలే అతుక్కుపోవడం. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల మీద దాదాపు 9 యాంపులు లాగుతుంది, 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్ అయితే 13. దాన్ని 10 యాంపుల స్మార్ట్ ప్లగ్‌లో పెట్టి నడిపిస్తారు. మోటారు సంగతి ఇంకా కష్టం. స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుగా లాగేదానికి ఐదారు రెట్లు లాగుతుంది. అన్నిసార్లు నిప్పురవ్వలు పడి రిలే లోపలి కాంటాక్టులు ఒకదానికొకటి వెల్డింగ్ చేసినట్టు అతుక్కుపోతాయి. తర్వాత మీరు ఆఫ్ నొక్కితే టిక్కుమని శబ్దం రావచ్చు, యాప్‌లో ఆఫ్ అని రావచ్చు, కరెంటు మాత్రం పారుతూనే ఉంటుంది. చాలా చవక రకాలు రిలేకి తామిచ్చిన ఆదేశాన్నే చూపిస్తాయి, అవతల కరెంటు ఆగిందో లేదో కొలవవు.

నాలుగోది వైరింగు. రిలే సాధారణంగా తెంపేది ఒక్క వైరునే. బిగించినవాడు పొరపాటున ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) బదులు న్యూట్రల్‌ని (కరెంటు తిరిగి వెళ్లే వైరు) రిలే గుండా తిప్పితే, ఆఫ్ చేశాక లైటు ఆరుతుంది, గీజర్ ఆగుతుంది, లోపల ఫేజ్ మాత్రం నిండుగా ఉంటుంది. పాత ఇళ్ల స్విచ్ బోర్డుల్లో న్యూట్రల్ వైరే ఉండదు. అలాంటి చోట బిగించే న్యూట్రల్ అక్కర్లేని స్విచ్చులు, తాము బతకడానికి బల్బు గుండా కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ తీసుకుంటాయి. ఆఫ్ చేసినా రాత్రిపూట ఎల్ఈడీ బల్బు సన్నగా వెలుగుతుందని ఫోన్ చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఆ హోల్డర్‌లో వేలు పెట్టకండి.

ఇంకొకటి, ఆఫ్‌లైన్. యాప్‌లో స్విచ్ బొమ్మ బూడిద రంగులోకి మారిందంటే స్విచ్ ఆగిపోయిందని కాదు, మీ మాట దానికి చేరడం లేదని అర్థం. ఆన్‌లో ఉండగా వైఫై పోతే గీజర్ ఆన్‌లోనే ఉండిపోతుంది.

ఇన్ని దారులున్నాయి కాబట్టే మళ్లీ చెబుతున్నాను: ఫోన్‌లో ఆఫ్ కనిపిస్తే కరెంటు లేదని కాదు. డీబీ బాక్సులో (ఇంటి కరెంటంతా పంచే డబ్బా) ఎమ్‌సీబీ, అంటే ఆ లైన్‌కి ఉన్న బ్రేకర్ మీట దించితే, టెస్టర్ పెట్టి చూస్తే, అప్పుడు లేదు.

ఈ ఆదివారం కూర్చుని మార్చాల్సిన సెట్టింగులు

గీజర్, మోటారు, ఇస్త్రీ పెట్టె ప్లగ్, రూమ్ హీటర్: వీటన్నిటికీ కరెంటు వచ్చాక "ఆఫ్"లోనే ఉండాలని పెట్టండి. ఫ్యాన్లకు మాత్రం పాత స్థితి గుర్తుంచుకోమని పెట్టండి. రాత్రి రెండింటికి కరెంటు పోయి వస్తే, పెద్దవాళ్లు చీకట్లో లేచి ఫ్యాన్ వేసుకోవాల్సి రాకూడదు. ఫ్రిజ్‌కి స్మార్ట్ ప్లగ్ అసలు వద్దు. స్విచ్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు టాస్మోటా వేసుకున్నవాళ్లు కన్సోల్‌లో పవర్‌ఆన్‌స్టేట్ 0 అని ఇవ్వండి. మీరేం మార్చకపోతే అది 3లో ఉంటుంది, అంటే పాత స్థితికే వెళుతుంది.

తర్వాత ఆటో ఆఫ్. "గీజర్ వేసిన అరగంటకు ఆఫ్ చెయ్" అనే ఆటోమేషన్ చాలామంది హోమ్ అసిస్టెంట్‌లోనో (ఇంట్లోని హబ్, అంటే ఈ స్విచ్చుల్ని నడిపే చిన్న కంప్యూటర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్), ఇంటర్నెట్ మీద నడిచే క్లౌడ్ యాప్‌లోనో రాసుకుంటారు. ఆ అరగంట లోపల కరెంటు పోయి హబ్ రీస్టార్ట్ అయితే, హోమ్ అసిస్టెంట్‌లో నడుస్తున్న ఆ డిలే పోతుంది. తిరిగి లేచాక ఆఫ్ చేయాలన్న సంగతి దానికి గుర్తుండదు. క్లౌడ్ టైమర్ అయితే ఇంటర్నెట్ లేనప్పుడు పనిచేయదు. కాబట్టి ఆపే టైమర్ స్విచ్ లోపలే ఉండాలి. కొన్ని యాప్‌లలో దాన్ని ఇంచింగ్ అంటారు. టాస్మోటాలో పల్స్‌టైమ్. అక్కడ సెకన్లకు 100 కలిపి ఇవ్వాలి, అరగంటకు 1900.

రౌటర్, హబ్ రెండూ ఇన్వర్టర్ మీద ఉండాలి. రౌటర్ మార్చాల్సి వస్తే పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డు అలాగే ఉంచండి. ఈ స్విచ్చుల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప వేరేది తెలియదు, కొత్త రౌటర్‌లో అది ఆపేసి ఉంటే ఇల్లంతా ఆఫ్‌లైన్ అవుతుంది. ఇది టెన్షన్ పడాల్సిన విషయం కాదు, పది నిమిషాల పని.

సంపు

నాకు అన్నిటికంటే భయం ఇక్కడే. వానలకు ముందు సంపు కడగడానికి మనిషిని దింపుతారు. లోపల సబ్‌మెర్సిబుల్ మోటారు ఉంటుంది, అడుగున నీళ్లు ఉంటాయి. పైన వాటర్ లెవెల్ కంట్రోలర్ ఉంటుంది. ఎవరైనా స్నానానికి వెళ్లి ట్యాంకులో నీళ్లు తగ్గితే చాలు, ఎవరినీ అడగకుండా మోటారు వేస్తుంది. అది దాని పని. ఒక అపార్టుమెంటులో నేను కళ్లారా చూశాను. మనిషి లోపలికి దిగుతున్నాడు, వాచ్‌మన్ ఫోన్ చూసి "మోటారు ఆఫ్‌లోనే ఉందన్నా" అంటున్నాడు. నేను పరిగెత్తి స్టార్టర్ ముందున్న మెయిన్ దించాను. ఆ కంట్రోలర్ ఆటోలో ఉంది. ఇంకో పది నిమిషాలైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

సంపులోకి మనిషి దిగే ముందు మోటారు ఎమ్‌సీబీ దించండి. మెయిన్ ఉంటే అదీ దించండి. ప్లగ్ ఉంటే పీకి పైన పెట్టండి. ఆ ఎమ్‌సీబీ డబ్బా ముందు ఇంటి మనిషి ఒకరు నిలబడాలి, లోపలి మనిషి బయటకు వచ్చేదాకా కదలకూడదు. ఫోన్ చూసి చెప్పడం చాలదు. ఇంటి మోటారుకైనా, అపార్టుమెంటు మోటారుకైనా, పొలంలో మొబైల్ స్టార్టర్ పెట్టిన బోరుకైనా ఇదే మాట.

ఇక మిగిలినవి వరసగా:

- మోటారుని స్మార్ట్ స్విచ్‌కి నేరుగా కలపొద్దు. కాంటాక్టరు (పెద్ద కరెంటుని తట్టుకునే రిలే లాంటిది) లేదా స్టార్టర్ పెట్టించండి, స్మార్ట్ స్విచ్ దాన్ని లాగే కాయిల్‌ని మాత్రం నడపాలి.
- 3000 వాట్ల గీజర్‌కి 10 యాంపుల ప్లగ్ పెట్టి ఉంటే ఈ రోజే తీసేయండి.
- గీజర్‌కి, మోటారుకి చేత్తో దించే స్విచ్ విడిగా ఉండాలి.
- న్యూట్రల్ లేదని ఎర్త్ వైరుని న్యూట్రల్‌గా వాడే ఎలక్ట్రీషియన్‌ని అక్కడితో పని ఆపించండి. ఆ ఎర్త్ ఎక్కడైనా తెగితే మీ ఫ్రిజ్ తలుపుకి, వాషింగ్ మెషిన్ రేకుకి కరెంటు వస్తుంది. స్మార్ట్ స్విచ్ పెట్టిన దగ్గర్నుంచి ఆర్‌సీసీబీ (కరెంటు పక్కదారిన లీకైతే తనంతట తనే పడిపోయే బ్రేకర్) ఊరికే పడిపోతోందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. పడిపోతోందని ఆర్‌సీసీబీ తీయించేయకండి.
- 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. ఉంటే టెస్ట్ బటన్ నొక్కి చూడండి. పడకపోతే మార్చండి.
- ఒక్క నొక్కుతో చాలా స్విచ్చులు వేసే "అన్నీ ఆన్", "గుడ్ మార్నింగ్" లాంటి సీన్లలో గీజర్, మోటారు ఉండకూడదు. మాటతో నడిపే వాయిస్ నుంచి కూడా తీసేయండి.
- యాప్ ఖాతా బిగించినవాడి ఫోన్ నంబరు మీద ఉందేమో చూడండి. ఉంటే మీ పేరు మీదకి మార్చుకోండి. మీ ఇంటి గీజర్ వేసే అధికారం అతనికి ఉండాల్సిన పని లేదు.
- విదేశాల్లో ఉన్న పిల్లలకు చెప్పండి: ఇంట్లో రిపేరు జరుగుతున్న రోజు ఎవరూ యాప్ ముట్టుకోవద్దు.
- స్మార్ట్ తాళం ఉన్నవాళ్లు మామూలు తాళంచెవి ఇంటి బయట, నమ్మకమైన వాళ్ల దగ్గర ఉంచండి. బ్యాటరీలు ఇప్పుడే మార్చండి.
- మెయిన్ దించినా ఇన్వర్టర్ లైను బతికే ఉంటుంది. ఒకే బోర్డులో రెండూ ఉంటాయి. ఇన్వర్టర్ కూడా ఆపండి.
- టెస్టర్‌ని మొదట కరెంటు ఉన్న ప్లగ్‌లో పెట్టి వెలుగుతుందో లేదో చూడండి. తర్వాత పని చేసే చోట. మళ్లీ కరెంటు ఉన్న చోట. మూడుసార్లూ చూడాలి, పాడైన టెస్టర్ కూడా వెలగదు.
- బోర్డు విప్పే ముందు ఎమ్‌సీబీ. బల్బు మార్చే ముందు ఎమ్‌సీబీ. గీజర్ మూత తీసే ముందు ఎమ్‌సీబీ.
- ఎలక్ట్రీషియన్ "పర్లేదండీ, ఫోన్‌లో ఆపేశారుగా" అంటే ఒప్పుకోకండి. ఇల్లు మీది, మీరు దించండి.
- ఎమ్‌సీబీ మీద టేపు అంటించి "పని జరుగుతోంది, ఎత్తొద్దు" అని రాయండి. వంటింట్లోంచి వచ్చిన వాళ్లు లైటు రాలేదని ఎత్తేస్తారు.
- షాక్ తగిలిన మనిషిని పట్టుకుని లాగకండి. ముందు మెయిన్ దించండి. అది దూరమైతే ఎండు కర్రతో విడదీయండి. ఊపిరి లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి, పక్కనున్నవాళ్లు 108కి చేయాలి.
- వీధిలో వైరు తెగి పడితే దగ్గరికి వెళ్లకండి, 1912కి చెప్పండి.
- ఇవన్నీ ఇంట్లో ఒక్కరికే తెలిస్తే సరిపోదు. అమ్మనీ, పనిమనిషినీ, వాచ్‌మన్‌నీ డీబీ బాక్సు దగ్గరికి తీసుకెళ్లండి. గీజర్ ఎమ్‌సీబీ ఏది, మోటారుది ఏది అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. వాళ్ల చేత్తోనే ఒకసారి దించి చూపించమనండి.