రచయితలకు కృతజ్ఞతారాధన: పేర్లు, పాటలు, చిరిగిన పేజీలు

గుంటూరు, విజయవాడ సంఘాల్లో పుస్తకాల కోసం, వాటిని రాసినవారి కోసం ఒక ఆదివారం కేటాయించాలనుకుంటే జనవరి మంచిది. బెజవాడలో పుస్తక మహోత్సవం జరిగే రోజులవి. పైగా వానాకాలంలోలా తేమ ఉండదు, అతికించిన పేజీలు త్వరగా ఆరతాయి.

మూడు వారాల ముందే ఐదు పాటలు ఎంచుకోండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటతోపాటు రాగతాళాలు, కవి పేరు అచ్చవుతాయి. తెర మీద వేసే స్లైడ్లలో ముందుగా ఎగిరిపోయేది ఆ పేరే. టైపు చేసేవారు చరణాలు దించుకుని ఆపేస్తారు. అలా కొన్నేళ్లు గడిస్తే పిల్లలకు పాట కంఠతా వస్తుంది, కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) ఎవరో తెలియకుండా పోతుంది. కాబట్టి మొదటి స్లైడ్‌లోనే పేరు ఉండాలి, పాటకు ముందు పైకి చదవాలి. జీవిత చరిత్ర ఎత్తుకోవద్దు, పాట సమయం తినేస్తుంది. పేరు దొరక్కపోతే పాత ముద్రణల్లో వెతకండి. ఊహించి మాత్రం రాయొద్దు, మీ తప్పునే తర్వాతివారు దించుకుంటారు.

వాక్యానికి రోమా 16:22. పౌలు చెబుతుంటే ఆ పత్రిక రాసిన తెర్తియు తన పేరు చెప్పి వందనాలు పెట్టిన వచనం. వరుసగా చదువుకుంటూ పోతే చెవిన పడదు. ఒక్కదాన్నే చదివించి కాసేపు ఆగండి.

జాషువా ‘క్రీస్తు చరిత్ర’ నుంచి ఒక్క పద్యం చాలు. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న కావ్యమది, రాసినవారు మన వినుకొండ వారు. చదివేవారికి రెండు వారాల ముందే ఇవ్వండి. అప్పటికప్పుడు చేతికిస్తే పదాలు ఎక్కడ విరవాలో తెలియక అర్థం చెడుతుంది.

శనివారం అసలు పని: చిరిగిన పాటల పుస్తకాలు బాగుచేయడం. జిగురు కోసం రెండు పెద్ద చెంచాల మైదాను పది చెంచాల చన్నీళ్లలో కలిపి, సన్న సెగ మీద నాలుగైదు నిమిషాలు తిప్పుతూ నిగనిగలాడేదాకా ఉడికించండి. వేడినీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. పల్చని గుడ్డలో వడకట్టి చల్లార్చాలి. మర్నాటికి పులిస్తే పారేయండి. గాలిపటాల తెల్ల కాగితాన్ని సెంటీమీటరు వెడల్పు పట్టీలుగా చేత్తోనే చించండి. కత్తెరతో కోసిన అంచు దగ్గర పేజీ మళ్లీ విరుగుతుంది. రంగు కాగితమైతే తడికి రంగు దిగుతుంది. జిగురు పల్చగా రాసి, చిరుగు మీద పట్టీ అద్ది, రెండు వైపులా బటర్ పేపరు పెట్టి రాత్రంతా బరువు కింద ఉంచండి. జిగురు ఎక్కువైతే పేజీ ముడతలు పడుతుంది.

సెల్లోటేపు వేయకండి. కొన్నేళ్లకు పసుపెక్కి, జిగురు కారి, పీకితే అక్షరాలతో సహా ఊడొస్తుంది. ఫెవికాల్ ఎండాక బిర్రుగా అవుతుంది, దాని పక్కనే కాగితం విరుగుతుంది, సరిదిద్దడం కుదరదు. పిన్నులు తుప్పు పడతాయి. బూజు వాసన వస్తే ఎండలో కాదు, నీడలో గాలి తగిలేలా తెరిచి నిలబెట్టండి.

మరో మాట. జీవించి ఉన్న రచయితల పుస్తకాలను జిరాక్సు తీయించి పంచడం కృతజ్ఞత కాదు, వారి కష్టాన్ని కాజేయడమే. పది కాపీలు కొనండి. రచయిత చిరునామా దొరికితే సంఘం తరఫున ఉత్తరం రాయండి, ఏ పేజీ ఎవరికి ఎలా ఉపయోగపడిందో అందులో రాయండి.