కట్టెలు కొట్టే గొడ్డలి వేరు, చెట్టు నరికే గొడ్డలి వేరు

మా ఊళ్లో నల్లతుమ్మ దుంగలు చీలుద్దామని కొత్త గొడ్డలి తీసుకుని మొదలుపెట్టా, ప్రతి దెబ్బకీ అది దుంగలో ఇరుక్కుపోవడం, కాలితో తొక్కిపట్టి ఊడబీకడం, గంటకి చేతులు బొబ్బలెక్కాయి గానీ నాలుగు కట్టెలు కూడా రాలేదు. మా మావయ్య చూసి "ఇది నరికేదిరా, చీల్చేది కాదు" అన్నాడు. తేడా అంతా అందులోనే ఉంది.

నరికే గొడ్డలికి రేకు పలచగా ఉంటుంది, ఎందుకంటే అది చెక్క నారని అడ్డంగా తెంపాలి, లోతుగా దిగాలి. తల కిలోన్నర, రెండు కిలోలు, కామ (పట్టుకునే కర్ర) రెండున్నర మూడడుగులు ఉంటే చాలామందికి సరిపోతుంది. చీల్చేదానికి నార తెగక్కర్లేదు, రెండు పక్కలకీ విడిపోతే చాలు, అందుకని దాని తల మందంగా, చీలికలో దిగ్గొట్టే మేకులా ఉంటుంది, మూడు నాలుగు కిలోల బరువు కూడా ఉంటుంది. పదును మరీ ఎక్కువ అక్కర్లేదు, బరువే పని చేస్తుంది. దుంగ కోసిన ముఖం మీద ఎండి నెర్రెలు కనిపిస్తాయి కదా, దెబ్బ ఆ నెర్రె వెంటే వెయ్యండి, లావు దుంగైతే నడిమధ్యలో కాకుండా అంచుల నుంచి పెచ్చులు తీసుకుంటూ రండి. ముడి ఉన్న చోట మాత్రం కొట్టకండి. కింద ఇంకో మొద్దు పెట్టుకోండి, గురి తప్పితే గొడ్డలి మొద్దులో దిగుతుంది, లేకపోతే కాలి మీదకొస్తుంది.

చేతిగొడ్డలి చిన్న కొమ్మలకి, పొయ్యి రాజెయ్యడానికి పుల్లలు చీల్చుకోడానికి. అర కిలో తల చాలు, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అన్నట్టు ప్రతిదానికీ పెద్దది ఎత్తక్కర్లేదు. బాడిసని కూడా కొందరు గొడ్డలే అనుకుంటారు, దాని పదును పారలాగా కామకి అడ్డంగా ఉంటుంది, వడ్రంగులు చెక్కని చెక్కి చదును చెయ్యడానికి వాడతారు, దాంతో చెట్టు నరకలేం.

కొనేటప్పుడు నేనైతే కామే ముందు చూస్తా. చెక్క గీతలు పై నుంచి కిందదాకా తిన్నగా సాగాలి, మధ్యలో పక్కకి జారిపోతే అక్కడే విరుగుతుంది. నల్లతుమ్మ కామ గట్టిగా ఉంటుంది. తల వదులైతే నీళ్లలో నానబెట్టేస్తారు చాలామంది, అప్పటికి బిగుస్తుంది గానీ ఆరాక ముందుకన్నా వదులవుతుంది, ఊడి ఎగిరితే ఎదుటోళ్ల ప్రాణం మీదకొస్తుంది. కామ పైన చీలికలో చెక్క మేకు కొట్టించుకోండి.

పదునుకి ఆకురాయి, తర్వాత సానరాయి, అంతే. కరెంటు గ్రైండర్ మీద పెడితే అంచు వేడెక్కి నీలం రంగు తిరుగుతుంది, అలా తిరిగిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే, మళ్లీ కొలిమికి తీసుకెళ్లాల్సిందే.

ఇంకోటి, మన పొలంలో చెట్టే కదా అని నరికెయ్యకండి, 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చాలా చెట్లకి ముందు పర్మిషన్ తీసుకోవాలి.