దారి చెప్పే ఫోన్ – నాలుగో పాఠం: పైనుంచా, కిందనుంచా?

పోయినసారి నేనిచ్చిన హోంవర్క్ బెడిసికొట్టింది. ముందు ఆ సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి కొత్త పాఠంలోకి వెళ్దామనుకున్నాను. తీరా రాయడానికి కూర్చుంటే ఆ రెండు ముక్కలే ఈ వారం పాఠమంతా అయ్యేలా ఉన్నాయి. సరే, కానివ్వండి.

నేను చెప్పిందేమిటంటే, వారం పాటు మీ రోజువారీ దారిలోనే గూగుల్ మ్యాప్స్, మన దేశపు మ్యాప్ యాప్ మ్యాపల్స్ రెండూ చూడండి. బయల్దేరేటప్పుడు ఎన్ని నిమిషాలన్నాయో, తీరా ఎన్ని పట్టిందో రాసుకోండి. ఎవరి లెక్క దగ్గరగా ఉంటే ఆ యాప్ ఉంచుకోండి. వినడానికి బాగానే ఉంది కదా?

ఒకాయన రెండు యాప్‌లనూ ఒకే ఫోన్‌లో ఒకేసారి మొదలుపెట్టారు. హైదరాబాద్ అమీర్‌పేట చౌరస్తాలో ఒకటి ఎడమ అంటే ఇంకొకటి సీదా అందట. ఆయన మధ్యలో ఆగిపోయారు. వెనకాల హారన్ల మోత. అత్తాపూర్ వైపు వెళ్లే ఇంకొకాయన బండి మీద ఉండి కారు గుర్తు నొక్కారు. యాప్ ఆయన్ని బుద్ధిగా మెహిదీపట్నంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అనే పొడవాటి ఫ్లైఓవర్ ర్యాంపు దాకా తీసుకెళ్లింది. దాని మీదికి టూవీలర్లని రానివ్వరు. గూగుల్ మ్యాప్స్ మన దేశంలో బండివాళ్లకోసం విడిగా టూవీలర్ మోడ్ తెచ్చింది 2017 డిసెంబర్‌లో. అది అందరికీ తెలుసనుకుని నేను చెప్పలేదు. అది నా తప్పే. బండి మీద వెళ్తే బండి గుర్తు నొక్కండి. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ లేన్ల మీదికి కూడా బండికి ప్రవేశం లేదు, గుర్తుపెట్టుకోండి.

ఎక్కువమంది రాసింది మాత్రం ఒకటే మాట: "రెండూ ఇంచుమించు ఒకే టైమ్ చెప్తున్నాయి సార్. రెండు నిమిషాలే తేడా. ఏది ఉంచుకోమంటారు?"

అడగాల్సిన ప్రశ్నే. నేను కొలవమన్నదే తప్పు. ఆ రెండు నిమిషాలు యాప్ తెలివిలోంచి వచ్చినవి కావు. ఒక సిగ్నల్ దగ్గర పచ్చదీపం ఐదు కార్ల ముందు పోయిందనుకోండి, అక్కడే పోతాయి అవి. అసలు ఆ టైమ్ ఎక్కడినుంచి వస్తుందంటే, చాలావరకు మనలాంటివాళ్ల ఫోన్లు ఆ రోడ్డు మీద ఎంత వేగంగా కదులుతున్నాయన్నదాన్నిబట్టి. 2020లో బెర్లిన్‌లో ఒక కళాకారుడు 99 ఫోన్లను చిన్న బండిలో వేసుకుని ఖాళీ వీధిలో నెమ్మదిగా లాక్కుంటూ పోతే, మ్యాప్‌లో ఆ వీధి ఎర్రగా మారిపోయింది. ఇక మన ఊళ్లో సంగతి చెప్పేదేముంది. కారు కదలని చోట బండ్లు అద్దాల మధ్యనుంచి జారుకుంటూ పోతుంటాయి, యాప్ ఏది కారు ఫోనో ఏది బండి ఫోనో విడదీసుకోవాలి. అయినా మొత్తం మీద బాగానే చెప్తుంది. రెండు నిమిషాల తేడా మీద మాత్రం యాప్‌ని ఎంచుకోవద్దు.

ఇప్పుడు అసలు దెబ్బ. మూడో పాఠంలో, పనిలో పనిగా, వాయిస్ ఆపేసుకోండి అన్నాను. నాకు ఆ వాగుడు పడదు. పాటలు వింటుంటే మధ్యలో దూరుతుంది. నా అలవాటుని పాఠంలో కలిపేశాను. దాని ఫలితం ఒక చెల్లెమ్మ రాసింది. మెహిదీపట్నం నుంచి ఫిల్మ్‌నగర్‌లో ఆడపడుచు ఇంటికి బయల్దేరింది. ఒడిబియ్యం పోస్తున్నారు. పక్కన అత్తగారు, వెనకసీట్లో చీర, పసుపు కుంకుమ, బియ్యం సంచి. వాయిస్ లేదు. టోలీచౌకీ ఫ్లైఓవర్ ఎక్కి దిగింది. అంతలోనే ఎదురుగా ఇంకోటి. స్క్రీన్ మీద నీలం గీత సీదాగానే ఉంది. సీదాగా అంటే పైకేగా అని ఎక్కేసింది. అది షేక్‌పేట ఫ్లైఓవర్, దగ్గర దగ్గర మూడు కిలోమీటర్లు. ఫిల్మ్‌నగర్ మలుపు కింద ఉండిపోయింది. దిగేటప్పటికి రాయదుర్గం వైపు వచ్చేసింది. యూటర్న్ కొట్టి, సిగ్నళ్లన్నీ దాటి వెనక్కి వచ్చేసరికి అక్కడ పేరంటాళ్లు భోజనాలకి లేచారు. "మా అత్తయ్య ఇప్పటికీ ఫోన్‌ని నమ్మడం లేదు, నన్నూ నమ్మడం లేదు" అని రాసింది.

తప్పు ఆ అమ్మాయిది కాదు. ఫోన్‌ది కూడా కాదనే చెప్పాలి. ఇది అర్థమైతే యాప్ ఎంపిక సగం తేలిపోతుంది కాబట్టి, విసుగనుకోకుండా వినండి.

మ్యాప్ అంటే పైనుంచి చూసిన బొమ్మ. పైనుంచి చూస్తే ఫ్లైఓవర్, దాని కింద రోడ్డు ఒకదాని మీద ఒకటి పడ్డ రెండు గీతలు. మీ ఫోన్ ఉపగ్రహాల సాయంతో తానెక్కడుందో లెక్కగట్టుకుంటుంది. ఆకాశం బాగా కనిపించే చోట అడ్డంగా ఐదు మీటర్లు అటూ ఇటూగా చెప్పగలదు. ఎత్తు విషయంలో అంత గురి ఉండదు, తప్పు ఇంకా పెద్దది. ఫ్లైఓవర్‌కీ కింద రోడ్డుకీ మధ్య ఎత్తు తేడా ఆరేడు మీటర్లు అనుకోండి. దానికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? పైగా ఫోన్ చెప్పిన చుక్క ఎప్పుడూ రోడ్డు మీద సరిగ్గా పడదు, పక్కనున్న కిరాణా కొట్టు మీద పడుతుంది. అందుకని యాప్ ఆ చుక్కని తీసుకెళ్లి, మీరు వెళ్లాలని తాను ముందే గీసిన గీతకి అంటించేస్తుంది. అంటే తాను కింద వెళ్లమన్నప్పుడు మీరు పైకెక్కినా, మీరు కిందే ఉన్నారని దాని నమ్మకం. గాల్లో ఉన్న మీకు "300 మీటర్లలో కుడివైపు తిరగండి" అంటుంది. కుడివైపు ఉన్నది పిట్టగోడ. మలుపు దాటిపోయాక, చుక్క ఎంతకీ తిరగకపోతే, అప్పుడు గానీ దానికి అనుమానం రాదు. అప్పటికి మీరు చేయగలిగింది ఏమీ ఉండదు, దిగే చోటు దాకా పోవడమే.

తప్పు జరిగాక యాప్ సరిదిద్దలేని చోటు ఇది. మామూలు రోడ్డు మీద మలుపు తప్పితే పక్క గల్లీలోంచి తిప్పి తీసుకొస్తుంది, ఎంత మామూలు యాప్ అయినా. ఫ్లైఓవర్ దగ్గర ఆ అవకాశం లేదు. అందుకే హైదరాబాద్‌లో కారు నడిపేవాళ్లు యాప్‌ని ఎంచుకోవాల్సింది అది చెప్పే నిమిషాలు చూసి కాదు. ర్యాంపు ముందు అది నోరు విప్పుతుందా, విప్పితే ఎంత ముందు విప్పుతుంది, అది చూసి.

ఒక్క మెహిదీపట్నం–గచ్చిబౌలి రోడ్డే తీసుకోండి. టోలీచౌకీలో పని ఉంటే మొదటి ఫ్లైఓవర్ ఎక్కకూడదు. ఫిల్మ్‌నగర్‌కీ సెవెన్ టూంబ్స్‌కీ అయితే మొదటిది ఎక్కాలి, రెండోది ఎక్కకూడదు. గచ్చిబౌలికి అయితే రెండూ ఎక్కాలి, ఆ తర్వాత బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర మళ్లీ చూసుకోవాలి. ముగ్గురికీ స్క్రీన్ మీద కనిపించేది ఒకే సీదా గీత. నేనైతే బయల్దేరేముందు దీన్ని పాటలా అనుకుంటాను: "ఎక్కు, ఎక్కకు." "ఎక్కు, ఎక్కు, చూసుకో." మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనివ్వండి. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అయితే 11.6 కిలోమీటర్లు. కింద అడ్రస్‌లన్నీ పిల్లర్ నంబర్లతో చెప్తారు. ఆ నంబర్లు కింద నడిచేవాళ్లకే కనిపిస్తాయి. పైనున్న మీకు కనిపించేది ఆకాశం.

యాప్‌ల దగ్గరికి వస్తే, 2024 జులైలో గూగుల్ మ్యాప్స్ మన దేశంలో 40 నగరాల్లో ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో ముందే చెప్పే ఏర్పాటు ప్రకటించింది. ఇరుకు రోడ్లని తప్పించే పద్ధతి కూడా అప్పుడే ఎనిమిది నగరాల్లో మొదలైంది, అందులో మనది ఒకటి. మ్యాపల్స్‌లో పెద్ద జంక్షన్ల దగ్గర రోడ్డు ఎలా చీలుతుందో బొమ్మ వేసి బాణం గుర్తు పెడతారు. నాకు ఆ బొమ్మ బాగా నచ్చింది. ఎదుట కనిపిస్తున్నదీ స్క్రీన్ మీదున్నదీ ఒకేలా ఉంటే బుర్రకి పని తగ్గుతుంది. స్పీడ్ బ్రేకర్లు కూడా చెప్తుంది. వేజ్ గురించి అడిగారు. అది తోటి డ్రైవర్లు చెప్పే కబుర్ల మీద బతికే యాప్. మీ దారిలో వాడేవాళ్లు తక్కువైతే కబుర్లూ తక్కువే. 2013 నుంచి అది కూడా గూగుల్‌దే. ఆర్గానిక్ మ్యాప్స్‌లో నెట్ లేకపోయినా దారి దొరుకుతుంది, ట్రాఫిక్ మాత్రం తెలియదు. ఊళ్లో రోజూ తిరగడానికి వద్దు, నల్లమల వైపు వెళ్లేటప్పుడు ఫోన్‌లో ఉంచుకోండి.

నేను రెండు పెట్టుకుంటాను. రోజూ నడిపించేది గూగుల్, తెలియని జంక్షన్ ఉన్న రోజు మ్యాపల్స్. మ్యాప్‌ని ఎప్పుడూ ఉత్తరం పైకి ఉండేలా పెడతాను, కారుతో పాటు తిరగనివ్వను. ఇది మాత్రం నా పిచ్చి, మీరు పాటించక్కర్లేదు. నా అలవాట్లని పాఠంలో కలిపేశానని ఇందాకే కదా ఒప్పుకున్నాను.

వాయిస్ విషయంలో మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆన్ చేయండి. తెలుగులోనే పెట్టుకోండి. ఉచ్చారణ కాస్త నవ్వొచ్చేలా ఉన్నా ఒక లాభం ఉంది. పక్కసీట్లో కూర్చున్న అమ్మకో అత్తగారికో అర్థమవుతుంది. మీరు పరధ్యానంలో ఉన్నా "పైకి ఎక్కమంటోంది కదరా" అని వాళ్లు అందుకుంటారు. ఇంతకంటే మంచి అలర్ట్ ఏ యాప్‌లోనూ లేదు.

దేనికీ దిక్కుతోచకపోతే ఇంకో అడ్డదారి ఉంది. ముందు వెళ్తున్న సిటీ బస్సుని చూడండి. దానికి స్టాపులు కావాలి కాబట్టి చాలావరకు కిందే పోతుంది. మీ పని కూడా కిందే అయితే దాని వెనకే పోండి.

వాన గురించి అడిగినవాళ్లకి ఒక్క మాట. మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లు నిలిచాయో లేదో యాప్‌ని అడగొద్దు. గట్టి వానలో ఆ వైపు వెళ్లకండి, అంతే.

ఇక అభ్యాసం. ఈసారి కాస్త కష్టమే. ఆదివారం పొద్దున్నే ఆరింటికి, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు, మీ రోజువారీ దారిలో ఫ్లైఓవర్ ఉన్న ముక్కని ఎంచుకోండి. పక్కన ఒక మనిషి తప్పనిసరి, రెండు ఫోన్లూ వాళ్ల చేతిలోనే ఉండాలి. 2020 అక్టోబర్ నుంచి ఉన్న రూల్ ప్రకారం వాహనం నడిపేవాళ్లు ఫోన్‌ని దారి చూసుకోవడానికి వాడొచ్చు, కానీ ధ్యాస చెదరకూడదు. ఈ అభ్యాసంలో మీ ధ్యాస తప్పకుండా చెదురుతుంది, నేను చెప్తున్నాను కదా.

మొదటి చక్కర్లో ఫ్లైఓవర్ అవతలి చోటు పెట్టుకుని వెళ్లండి. రెండో చక్కర్లో కింద ఉన్న చోటు పెట్టుకోండి. రెండుసార్లూ యాప్ "ఫ్లైఓవర్" అన్న మాట అందా, అన్నప్పుడు ర్యాంపు ఇంకెంత దూరంలో ఉంది, లేన్ మారడానికి మీకు టైమ్ మిగిలిందా, ఇవి పక్కవాళ్లు రాయాలి. మూడో చక్కర్లో కావాలనే తప్పు చేయండి. కింద వెళ్లమంటే పైకెక్కండి. యాప్‌కి ఆ సంగతి ఎక్కడ తెలిసిందో, ఏ బోర్డు దగ్గర, ఏ పిల్లర్ దగ్గర కొత్త దారి చూపించిందో రాయించండి. రెండు ఫోన్లలో ఏది ముందు మేలుకుందో కూడా. అదే దారిలో చీకటి పడ్డాక ఇంకోసారి వెళ్లగలిగితే మరీ మంచిది, రాత్రి ర్యాంపు మొదలు కనిపించడమే కష్టం.

కాగితాన్ని మూడు వరసలుగా గీసుకోండి. నిమిషాల వరస ఈసారి వద్దు. పక్కసీటు మనిషికి ముందే టిఫిన్ పెట్టించండి, లేకపోతే రెండో చక్కర్లోనే ఇంటికి తిప్పమంటారు.

వచ్చే పాఠం లొకేషన్ పిన్ మీద. మీ ఇంటి పిన్ మీ గేటు దగ్గర పడుతోందా, వెనక గల్లీలో పడుతోందా చూసి పెట్టుకోండి.