చిరిగిన, తడిసిన, కాలిన నోట్ల మార్పిడి: దరఖాస్తు విధానం

గోదావరి లంకల్లో వరద తీసిన తరువాత, ఎండాకాలంలో తాటాకు ఇల్లు అంటుకున్న తరువాత, ఏళ్ల తరబడి తెరవని ట్రంకుపెట్టెలో చెదలు బయటపడినప్పుడు, పాడైన నోట్లను ఏం చేయాలో తెలియక చాలామంది వాటిని కమీషన్‌కు మార్చే వ్యాపారి చేతిలో పెట్టి వచ్చినంత తీసుకుంటున్నారు. ఆ నష్టం భరించనక్కరలేదు. భారతీయ రిజర్వు బ్యాంకు 2009లో చేసి 2018లో సవరించిన నోటు రిఫండు నియమాల ప్రకారం పాడైన నోట్లను మార్చి ఇవ్వడం బ్యాంకు శాఖల బాధ్యత. ఆ శాఖలో మీకు ఖాతా ఉండాలన్న షరతు కూడా లేదు.

చేపల సంతలో రొంటిన దోపుకుని తడికీ చెమటకూ మాసిపోయిన నోటు, లేదా రెండే ముక్కలై, ఆ రెండూ ఒకే నోటువై, కలిపితే ముఖ్యమైన భాగమేదీ లోపించని నోటు మాసిన నోటు కిందికే వస్తుంది. రోజుకు 20 నోట్ల వరకు, మొత్తం రూ. 5,000 మించకుండా, కౌంటర్‌లోనే రుసుము లేకుండా మారుస్తారు. అంతకు మించితే రశీదు ఇచ్చి తరువాత ఖాతాలో జమ చేస్తారు, రుసుము కూడా ఉండవచ్చు. వీటికి దరఖాస్తు రాయనక్కరలేదు.

కొంత భాగం పోయిన నోటు, రెండు కంటే ఎక్కువ ముక్కలైన నోటు విషయంలో మాత్రం కొలత ముఖ్యం, ఎక్కువమంది నష్టపోయేదీ ఇక్కడే. రూ. 20, అంతకు తక్కువ విలువగల నోట్లలో, విడిపోకుండా మిగిలిన అతి పెద్ద ముక్క నోటు వైశాల్యంలో సగం కంటే ఎక్కువ ఉంటే పూర్తి విలువ ఇస్తారు. లేకపోతే ఏమీ రాదు. రూ. 50, అంతకు పైబడిన నోట్లలో ఆ ముక్క 80 శాతం కంటే ఎక్కువ ఉంటే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం వరకు ఉంటే సగం విలువ వస్తాయి, 40కి తగ్గితే రాదు. ఇప్పుడు చెలామణిలో ఉన్న రూ. 500 నోటు పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు 6.6 సెంటీమీటర్లు, అంటే వైశాల్యం 99 చదరపు సెంటీమీటర్లు. పూర్తి విలువకు 80, సగానికి 40 చదరపు సెంటీమీటర్లు మిగిలి ఉండాలి. ఒక చివర ఎలుక మూడు సెంటీమీటర్ల మేర అడ్డంగా కొరికేస్తే మిగిలేది 79.2, కాబట్టి చేతికి వచ్చేది రూ. 250 మాత్రమే. బ్యాంకుకు వెళ్లేముందు పిల్లల గ్రాఫు కాగితం మీద నోటును పరిచి గళ్లు లెక్కపెడితే, ఎంత రావాలో మీకే తెలుస్తుంది.

ముక్కలన్నీ ఉన్నాయి కదా అని మూడు నాలుగు ముక్కలను టేపుతో అతికించినా వాటి వైశాల్యాలను కలిపి లెక్కించరు, అతి పెద్ద ముక్కనే కొలుస్తారు. అయితే రూ. 50, అంతకు పైబడిన నోటు రెండు ముక్కలై, ఒక్కొక్కటీ 40 శాతానికి తగ్గకుండా ఉంటే పూర్తి విలువ ఇస్తారు. అందుకే పాత టేపును పీకబోయి రెండు ముక్కలను మూడు చేసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇలాంటి నోట్లు ఐదు వరకైతే శాఖలోనే పరిశీలించి డబ్బు ఇవ్వాలి. అక్కడ నిర్ణయించలేకపోతే రశీదు ఇచ్చి కరెన్సీ చెస్టు (రిజర్వు బ్యాంకు తరఫున నోట్లు నిల్వ ఉంచే ఖజానా) ఉన్న శాఖకు పంపి, 30 రోజులలోగా చెల్లించాలి. ఐదు దాటినా మొత్తం రూ. 5,000 మించకపోతే, ఖాతా నంబరు, శాఖ పేరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు రాసిన ఉత్తరంతో కరెన్సీ చెస్టు శాఖకు ఇన్సూర్డ్ పోస్టులో పంపవచ్చు, స్వయంగా వెళ్లి ఇవ్వనూవచ్చు. రూ. 5,000 దాటితే ఆ శాఖకే వెళ్లాలి. అలాంటి శాఖ దగ్గరలో ఎక్కడ ఉందో మీ బ్యాంకులో అడిగితే చెబుతారు.

కాలి నల్లబడినవి, ముట్టుకుంటే పొడి అయ్యేవి, వరద నీటిలో నాని కట్టకట్టలుగా అతుక్కుపోయి విడదీయరానివి బ్యాంకు శాఖలు తీసుకోవు. వాటిని హైదరాబాదు సైఫాబాదులోని రిజర్వు బ్యాంకు కార్యాలయపు ఇష్యూ విభాగానికి సమర్పించాలి. అక్కడ ప్రత్యేక పద్ధతిలో పరిశీలిస్తారు. దరఖాస్తులో పేరు, చిరునామా, ఏ విలువవి ఎన్ని నోట్లు, అవి ఎలా పాడయ్యాయి, ఖాతా వివరాలు స్పష్టంగా రాయండి. అగ్నిమాపక శాఖవారో తహసీల్దారు కార్యాలయంవారో ఇచ్చిన నష్ట ధ్రువపత్రం ఉంటే నకలు జతచేయడం మంచిది. మన నోటు పూర్తిగా దూది కాగితం కాబట్టి మామూలుగా తడిస్తే పాడవదు, విడిగా నీడలో ఆరబెడితే చాలు. అతుక్కున్న కట్టను మాత్రం కత్తితో విప్పకుండా, ఇస్త్రీపెట్టె పెట్టకుండా, ఉన్నది ఉన్నట్టు దూది పరిచిన డబ్బాలో తీసుకువెళ్లాలి.

కావాలని కోసిన నోట్లకు, రాజకీయ నినాదాలు రాసిన నోట్లకు విలువ చెల్లించరు. రంగు మరకలు, పేర్లు, లెక్కలు ఉన్నంత మాత్రాన నోటు చెల్లకుండా పోదు.

నిబంధనలకు లోబడిన నోటును కౌంటర్‌లో తిప్పి పంపితే, ముందు శాఖ మేనేజరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్లు సంతకం, తేదీ వేయించుకున్న నకలును దగ్గర ఉంచుకోండి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరైనదిగా తోచకపోయినా, ఆ నకలుతో, బ్యాంకుల మీద ఫిర్యాదులను విచారించే అధికారి అయిన రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు ఎలా చేయాలో 14448 నంబరుకు ఫోన్ చేసి తెలుసుకోవచ్చు.