పాత టర్న్‌టేబుల్ గోల చేస్తోందా? కారణం పట్టుకోవడం ఎలా?

అటక మీంచి దింపిన రికార్డ్ ప్లేయర్ పాటతో పాటు బుయ్‌మనో, గుర్రుమనో, టక్‌టక్‌మనో అంటుంటే వెంటనే స్క్రూడ్రైవర్ తీయకండి. చప్పుడు ఎప్పుడు వస్తోందో తేలితే సగం రిపేరు అయిపోయినట్టే.

1. మోటారు ఆపి, ముల్లు పైకెత్తి ఉంచి, వాల్యూమ్ కాస్త పెంచండి. అప్పుడూ బుయ్‌మంటుంటే గొడవ కరెంటుది. మన లైను 50 హెర్ట్జ్ కాబట్టి మోత 50, 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ముందు ఫ్యాను కట్టేయండి. మే నెల విజయవాడలో ఇది చిన్న త్యాగమేం కాదు గానీ, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ మీద ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే స్పీకర్లో బర్రుమనడం మామూలే. పోయిందా, ప్లేయర్ తప్పేం లేదు. పోకపోతే వెనకనున్న ఎర్త్ వైరును ఆంప్లిఫయర్ స్క్రూకి గట్టిగా బిగించండి.

అయినా తగ్గలేదంటే ప్లగ్గు పీకేసి కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బీ) వెనక చూడండి. స్టీరియో అయితే నాలుగు సన్నని వైర్లుంటాయి. ఎరుపు, ఆకుపచ్చ కుడివైపువి; తెలుపు, నీలం ఎడమవైపువి. తేమకి పిన్నులు నల్లబడతాయి. ట్వీజర్‌తో ఒక్కో వైరే లాగి, పిన్నును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ అక్కడే తొడగండి. నాలుగూ ఒకేసారి పీకితే ఏది ఎక్కడిదో తెలియక టెన్షన్ మీకే.

2. మోటారు తిరిగితేనే గుర్రుమంటోందా? బెల్టు మోడల్ అయితే బెల్టు తీసేసి, కదలని రికార్డు మీద ముల్లు ఆనించి మోటారు వేయండి. గుర్రు వస్తే మోటారు కింది రబ్బర్లు గట్టిపడ్డాయన్నమాట, మార్చాలి. రాకపోతే ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) కింది బేరింగ్‌ని అనుమానించండి. ప్లాటర్ ఎత్తి, పాత జిడ్డు తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒకట్రెండు చుక్కలు వేస్తే చాలు. కొబ్బరినూనె మాత్రం వద్దు, బంకలా తయారవుతుంది. బెల్టుకి ఏ నూనే తగలకూడదు.

3. టక్‌టక్ అయితే వాచీ చూడండి. 33⅓ స్పీడులో ఒక చుట్టుకి 1.8 సెకన్లు. సరిగ్గా అంతకోసారి కొడుతుంటే రికార్డు మార్చండి, చాలావరకు అది గీతే. అంతకన్నా గబగబా కొడుతుంటే, మోటారుకీ ప్లాటర్‌కీ మధ్య రబ్బరు చక్రమున్న మోడళ్లలో ఆ చక్రం నొక్కుకుపోయి ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని మోటారుకి ఆనించే వదిలేస్తే అంతే మరి. స్పిరిట్‌తో తుడిస్తే జారడం తగ్గుతుంది గానీ సొట్ట పోదు. ఆటోనగర్‌లో లేత్ పనివాళ్లను సమంగా చెక్కి ఇస్తారేమో అడిగి చూడొచ్చు. చక్రం కాస్త చిన్నదైనా స్పీడు మారదు, భయం లేదు.

4. చిటపటకి దుమ్ము కారణం. మెత్తని పొడి బ్రష్ చాలు. 78 స్పీడు లక్క రికార్డులకి ఆల్కహాల్ అంటించకండి, లక్క కరిగిపోతుంది. వాటి గాడి వెడల్పు కూడా. ఎల్పీ (33⅓ స్పీడు రికార్డు) ముల్లుతో వేస్తే అది అడుగున ఊగుతూ సరసరమంటుంది. పాత కార్ట్రిడ్జ్‌కి తిప్పుడు మీట ఉంటే 78 వైపు తిప్పాకే వేయండి.